బడికి లైవ్ క్లాస్ యాప్ ఎంచుకోవడం ఎలా: పిల్లల ఫోన్ల నుంచి మొదలుపెట్టే పద్ధతి

"సార్, జూమ్ తీసుకోవాల్నా, గూగుల్ మీట్ తీసుకోవాల్నా?" అని నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు టీచర్లూ, చిన్న ప్రైవేటు బడుల కరస్పాండెంట్లూ తరచూ అడుగుతున్నారు. పదో తరగతి స్పెషల్ క్లాసులు దగ్గరపడినా, వానలకు సెలవులిచ్చినా, లెక్కల సార్ బదిలీ అయ్యి పోస్టు ఖాళీగా ఉన్నా ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది.

యాప్ పేరు ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ దేవరకొండ టౌన్‌లో హాయిగా నడిచిన క్లాసు చందంపేట వైపు తండాలకు వెళ్లేసరికి గొంతు కూడా వినపడకుండా ఆగిపోతుంది. తరగతిలో అందరికన్నా పాత ఫోన్, అందరికన్నా తక్కువ సిగ్నల్ ఉన్న పిల్ల ఎవరో ముందు తెలుసుకుని, ఆ పిల్ల దగ్గర ఏది నడుస్తుందో దాన్నే తీసుకోవాలి. కింద చెప్పే పనులన్నీ అందుకోసమే. వరుస మార్చకండి, ముఖ్యంగా రెండో పని వదిలేసి నాలుగో పనికి పోకండి.

1. ఏ రకం క్లాసు కావాలో తేల్చుకోండి

లైవ్ క్లాస్ అంటే అందరూ ఒకటే అనుకుంటారు గానీ, మన దగ్గర మూడు రకాలు జరుగుతాయి.

- పిల్లలు ఎవరింట్లో వాళ్లుండి, ఎవరి ఫోన్లో వాళ్లు చేరేది. సెలవుల్లో, సాయంత్రం డౌట్ క్లాసుల్లో ఇదే.
- పిల్లలంతా బడిలో ఒక్క గదిలో, ఒక్క స్క్రీన్ ముందు కూర్చుంటే, టీచర్ వేరే ఊరి నుంచి చెప్పేది. సబ్జెక్టు టీచర్ లేని బడులకు ఇది నిజంగా పనికొచ్చే దారి.
- ఒక టీచర్ చెప్తుంటే వందల మంది చూసేది. పరీక్షల ముందు రివిజన్ లాంటివి.

మొదటి రకానికి ఫోను, డేటా సమస్య. రెండో రకానికి డేటా పెద్ద సమస్య కాదు, గొంతు వినపడటమే సమస్య. మూడో రకానికి మీటింగ్ యాపే అక్కర్లేదు, యూట్యూబ్ లైవ్ సరిపోతుంది. మీది ఏదో కాగితం మీద రాసుకోండి. రెండు రకాలూ కావాలంటే విడివిడిగా ఎంచుకోండి, ఒకే యాప్‌తో సర్దుకోవాలని పట్టుబట్టకండి.

2. ఫోన్ల లెక్క తీయండి

దీనికి వారం పట్టినా ఫర్వాలేదు. "ఇంట్లో స్మార్ట్ ఫోన్ ఉందా?" అని తరగతిలో చేతులెత్తమంటే సగానికి సగం తప్పు జవాబులొస్తాయి. లేదని చెప్పుకోవడం పిల్లలకు నామోషీ. అందుకే ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడగండి, లేదా తల్లిదండ్రుల మీటింగ్‌లో రాయించుకోండి.

ఉందా లేదా అన్నదానికన్నా ఫోన్ ఇంట్లో ఎప్పుడుంటుందో అడగడం ముఖ్యం. పత్తి ఏరే రోజుల్లో ఒక అమ్మ చెప్పే మాట ఇలా ఉంటుంది: "ఫోన్ మా ఆయనతోని పొద్దుగాల్నే పోతది సార్, మళ్ల రాత్రి ఏడింటికే వస్తది." అలాంటి ఇంటికి పదకొండు గంటల క్లాసు పెట్టి లాభం లేదు. పాలమూరు వైపు అమ్మానాన్నలు ముంబైకో, పుణెకో, హైదరాబాద్‌కో పనికి పోయిన ఇళ్లలో పిల్లలు నాయనమ్మ దగ్గరుంటారు, అక్కడ ఉండేది కీప్యాడ్ ఫోనే.

ఒక్కో పిల్లకు రాసుకోవాల్సినవి:

- ఫోన్ ఎవరిది, ఇంట్లో ఏ గంట నుంచి ఏ గంట దాకా ఉంటుంది
- ఆ ఫోన్ మీద ఇంకెంతమంది అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు క్లాసులు వినాలి
- ఆండ్రాయిడ్ ఏ వెర్షన్, కొత్త యాప్ పెట్టుకోవడానికి ఖాళీ ఉందా
- ఏ సిమ్, రోజుకు ఎంత డేటా ప్యాక్
- సిగ్నల్ ఇంట్లోనే వస్తుందా, మిద్దె ఎక్కాలా, ఊరి బయటికి పోవాలా
- చార్జింగ్ పిన్ను, స్పీకరు బాగున్నాయా (ఇది అడగరు, కానీ క్లాసులు ఆగేది చాలాసార్లు దీనివల్లే)

మన్ననూరు, అమ్రాబాద్ వైపు నల్లమల ఊళ్లలో సిగ్నల్ కోసం పిల్లలు గుట్ట ఎక్కాలన్నా, రోడ్డు మీదికి రావాలన్నా ఆ క్లాసు పెట్టొద్దు. ముఖ్యంగా చీకటి పడ్డాక. ఆ పిల్లలకు వేరే ఏర్పాటు కావాలి, పదో భాగంలో చెప్తాను.

లెక్క పూర్తయ్యాక మూడు కుప్పలు చేయండి: హాయిగా చేరగలిగేవాళ్లు, కష్టంగా చేరగలిగేవాళ్లు, అసలు చేరలేనివాళ్లు. యాప్ ఎంచుకునేది నడిమి కుప్ప కోసం.

3. డేటా లెక్క వేసుకోండి

యాప్ అమ్మేవాళ్లు ఇది చెప్పరు కాబట్టి మీరే వేసుకోవాలి, కష్టమేం కాదు. గ్రూప్ వీడియో చూడటానికి సెకనుకు సుమారు 600 కిలోబిట్లు, గొంతుకు 60 నుంచి 80, వీడియో లేకుండా స్క్రీన్ షేరింగ్ ఒక్కటే అయితే 50 నుంచి 75 కావాలని జూమ్ తన సాంకేతిక వివరాల్లో చెప్తుంది. మిగతా యాప్‌లలో కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు.

45 నిమిషాల క్లాసుకు లెక్క కడితే ఇలా వస్తుంది:

- టీచర్ వీడియో చూస్తూ వింటే సుమారు 200 ఎంబీ
- స్లైడ్ లేదా రాసే పేజీ మాత్రం చూస్తూ గొంతు వింటే సుమారు 50 ఎంబీ
- గొంతు ఒక్కటే అయితే 27 ఎంబీ లోపు

పిల్ల తన కెమెరా కూడా ఆన్ చేస్తే పైకి పోయే డేటా మళ్లీ వేరే. రోజుకు నాలుగు వీడియో క్లాసులంటే 800 ఎంబీ. 1.5 జీబీ ప్యాక్‌లో సగానికి పైగా ఒక్కరికే పోతే తమ్ముడి సంగతేంటి? అందుకే టీచర్ మొహం మొదటి రెండు నిమిషాలు చూపించి, పలకరించి, ఆ తర్వాత కెమెరా ఆపేసి పాఠం పేజీ మీదే నడపమని నేను గట్టిగా చెప్తాను. పాఠానికి నష్టం లేదు, నడిమి కుప్పలో చాలామంది లోపలికి వస్తారు.

4. యాప్‌లను మీ లెక్కతో పోల్చండి

గూగుల్ మీట్: ఆండ్రాయిడ్ ఫోన్లో జీమెయిల్ అకౌంట్ ఎలాగూ ఉంటుంది కాబట్టి మొదలుపెట్టడం తేలిక. మామూలు ఉచిత అకౌంట్‌తో వంద మంది, గంట దాకా. రికార్డింగ్ రాదు. బడి పేరు మీద గూగుల్ వర్క్‌స్పేస్ ఫర్ ఎడ్యుకేషన్ ఫండమెంటల్స్‌కు దరఖాస్తు చేసుకుంటే, అర్హత ఉన్న బడులకు ఉచితంగా ఇస్తారు, గంట పరిమితి పోతుంది, గూగుల్ క్లాస్‌రూమ్ కూడా దాంతోపాటే నడుస్తుంది. దానికి బడికి సొంత డొమైన్ (ఇంటర్నెట్‌లో బడి పేరు మీద ఉండే అడ్రసు) ఉండాలి, పిల్లల అకౌంట్లు చూసుకునే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి ఎవరో తేలకుండా దరఖాస్తు పెట్టొద్దు.

జూమ్: ఉచితంగా వంద మంది, 40 నిమిషాలు. మన పీరియడ్‌కు 40 నిమిషాలు తక్కువని చాలామంది వదిలేస్తారు గానీ, నా ఉద్దేశంలో చిన్న తరగతులకు అదే సరైన సమయం. పిల్లలు అకౌంట్ లేకుండానే చేరేలా పెట్టుకోవచ్చు. ఉచిత అకౌంట్‌లో కూడా కంప్యూటర్ మీద రికార్డు చేసుకోవచ్చు, ఫోన్ మీద కుదరదు. టీచర్ చేతిలో నియంత్రణలు బాగుంటాయి.

మైక్రోసాఫ్ట్ టీమ్స్: టీమ్స్ కూడా కలిసి ఉండే ఆఫీస్ 365 ఏ1 ప్లాన్ బడి పేరు మీద ఉచితంగా వస్తుంది. సామర్థ్యం ఎక్కువే, కానీ పాత ఫోన్ల మీద బరువుగా నడుస్తుంది. పిల్లలంతా బడి ల్యాబ్‌లో కంప్యూటర్ల ముందు కూర్చునే చోట బాగుంటుంది, తండాలో ఇంటి ఫోన్‌కు నేను చెప్పను.

జిట్సీ మీట్: ఉచితం, ఓపెన్ సోర్స్. 2023 నుంచి వాళ్ల సొంత సైట్‌లో గది తెరిచేవాళ్లు లాగిన్ కావాలి, చేరే పిల్లలకు అక్కర్లేదు. పది, పదిహేను మంది డౌట్ క్లాసుకు చాలా బాగుంటుంది. అరవై మందికి వద్దు.

బిగ్‌బ్లూబటన్: చదువు చెప్పడం కోసమే కట్టింది, వైట్‌బోర్డ్ బాగుంటుంది, పాఠాలు, పరీక్షలు పెట్టుకునే మూడుల్ అనే సాఫ్ట్‌వేర్‌తో కలుస్తుంది. అయితే సొంత సర్వర్ కావాలి, దాన్ని చూసుకునే టెక్నికల్ మనిషి కావాలి. ఒక్క బడికి ఈ బరువు ఎందుకు? పది, ఇరవై బ్రాంచీలున్న సంస్థ అయితే ఆలోచించండి.

యూట్యూబ్ లైవ్: ఒకవైపు పాఠానికే. పిల్లలు క్వాలిటీని 144పీకి తగ్గించుకుని చూడొచ్చు, కరెంటు పోయినవాళ్లు తర్వాత చూడొచ్చు. మొదటిసారి లైవ్ ఆన్ చేశాక 24 గంటల దాకా ఆగాల్సి రావచ్చు, కాబట్టి క్లాసు రోజు పొద్దున మొదలుపెట్టకండి. ఫోన్ నుంచి లైవ్ ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లుండాలి, కంప్యూటర్ వెబ్‌క్యామ్ నుంచైతే ఆ షరతు లేదు. పిల్లల కోసం చేసిన వీడియో అని గుర్తు పెడితే లైవ్ చాట్ ఆగిపోతుంది, అప్పుడు ప్రశ్నలు వాట్సాప్‌లో తీసుకోవాలి.

వాట్సాప్ కాల్: 32 మంది దాకా. కొత్త యాప్ పెట్టడానికి ఫోన్లో ఖాళీ లేనివాళ్లకు చిన్న డౌట్ క్లాసు. బోర్డు రాయడం కష్టం గానీ, గొంతుతో అయ్యే పనికి చాలు.

నన్ను ఒకటి చెప్పమంటే, ఇళ్ల నుంచి చేరే ఆరు నుంచి పదో తరగతి పిల్లలకు మొదట మీట్, జూమ్ రెంటినే ట్రయల్‌కు పెట్టండి. మిగతావి ఆ రెండూ ఓడినప్పుడు.

5. డబ్బు కట్టే ముందు

ప్రైవేటు బడులకు యాప్ అమ్మేవాళ్లు వచ్చి ఏసీ గదిలో, టౌన్ వైఫై మీద డెమో చూపిస్తారు. అది పరీక్ష కాదు. "మా పిల్ల ఇంటి నుంచి, వాళ్ల ఫోన్ మీద చూపించండి" అనండి.

అడగాల్సినవి:

- డబ్బు టీచర్ లెక్కన కట్టాలా, పిల్లల లెక్కన కట్టాలా? జూమ్ లాంటి వాటిలో లైసెన్స్ క్లాసు పెట్టేవాళ్లకే, చేరేవాళ్లకు కాదు. ఎవరైనా ఒక్కో పిల్లకు ఇంత అంటే ఎందుకో చెప్పించుకోండి.
- ఒప్పందం ఎన్నేళ్లు? మొదటిసారే మూడేళ్లకు సంతకం పెట్టొద్దు.
- మానేస్తే మా రికార్డింగులు, హాజరు, మార్కులు మాకు తిరిగి ఇస్తారా?
- రాత్రి ఏడింటికి క్లాసు ఆగితే ఫోన్ ఎత్తేవాళ్లు ఉన్నారా, తెలుగులో మాట్లాడతారా?
- పిల్లల పేర్లు, నంబర్లు, వీడియోలు ఎక్కడ దాస్తారు, ఎవరికిస్తారు?

చివరి ప్రశ్నను లైట్ తీసుకోకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది, పిల్లలను గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని వద్దంటుంది. అడ్మిషన్ ఫారంతో పాటు సమ్మతి కాగితం తెలుగులో, ఉర్దూ మీడియం ఉన్న చోట ఉర్దూలో కూడా ఇచ్చి సంతకం తీసుకోండి. చదవలేని వాళ్లకు చదివి వినిపించండి.

6. ట్రయల్ క్లాస్

సిగ్నల్ బాగా వచ్చే ఇద్దరు ముగ్గుర్ని, రాని ఐదారుగుర్ని తీసుకోండి. మంచి ఫోన్లున్న వాళ్లతో ట్రయల్ చేస్తే ఏ యాప్ అయినా నెగ్గుతుంది.

సమయం కూడా అసలు క్లాసు సమయమే కావాలి. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ఊళ్లో అందరూ ఫోన్లు చూస్తారు, నెట్ అప్పుడే నెమ్మదిస్తుంది. మధ్యాహ్నం నడిచిందని నమ్మకండి.

ట్రయల్‌లో చూడాల్సినవి:

- లింక్ పంపాక ఐదు నిమిషాల్లో ఎంతమంది చేరారు
- మీరు చదివిన నాలుగంకెల సంఖ్యలను పిల్లలు సరిగ్గా రాసుకున్నారా (గొంతు తెగుతుందో లేదో ఇట్టే తెలుస్తుంది)
- మీరు రాసిన అతి చిన్న అక్షరం, ఘాతాంకం, ఒత్తు వాళ్లకు కనిపించిందా
- ఒకసారి బయటికి పడిపోయిన పిల్ల తనంతట తాను మళ్లీ చేరగలిగిందా
- క్లాసయ్యాక ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ ఎంత డేటా తీసుకుంది, బ్యాటరీ ఎంత తగ్గింది

రెండు యాప్‌లకు రెండు సాయంత్రాలు, అదే పిల్లలు, అదే పాఠం. ఎక్కువమంది చివరిదాకా ఉన్నది తీసుకోండి. టీచర్‌కు ఏది ఇష్టం అన్నది ఆ తర్వాత.

7. సెట్టింగులు: క్లాసు మొదలుకాక ముందే

- వెయిటింగ్ రూమ్ ఆన్. పేరు గుర్తుపట్టాకే లోపలికి.
- పేరు పెట్టే తీరు ఒకటే: తరగతి, సెక్షన్, రోల్ నంబర్, పేరు. "రెడ్‌మీ 9ఏ" అని వస్తే రానివ్వకండి, పేరు మార్చుకుని రమ్మనండి.
- స్క్రీన్ షేరింగ్ టీచర్‌కు మాత్రమే. పిల్లల మధ్య ప్రైవేటు చాట్ బంద్.
- చేరగానే అందరి మైకులు మూత.
- మీ అకౌంట్‌లో వీలుంటే ఇంకో టీచర్‌ను కో హోస్ట్‌గా (క్లాసు నడపడంలో తోడుగా) పెట్టుకోండి. చెప్పేవాళ్లే గేటు కూడా కాయాలంటే రెండూ చెడతాయి.
- లింక్‌ను స్టేటస్‌లో, ఊరి గ్రూపుల్లో పెట్టకండి.

వాట్సాప్ గ్రూపులో తల్లుల నంబర్లు అందరికీ కనిపిస్తాయి, దానివల్ల వచ్చే ఇబ్బందులు తక్కువేం కాదు. వాట్సాప్ కమ్యూనిటీలో ప్రకటనల గ్రూపు వాడితే సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనపడవు.

కెమెరా ఆన్ చేయమని పిల్లలను బలవంతపెట్టకండి. ఒక్క గది ఇల్లు ఎలా ఉంటుందో చూపించడం వాళ్లకు ఇష్టం ఉండదు, ఆడపిల్లల స్క్రీన్‌షాట్లు తీసి వేధించే ప్రమాదం ఉంది. హాజరు కోసం మధ్యలో రెండుసార్లు పేరు పిలిచి చిన్న ప్రశ్న అడిగితే చాలు. ఎవరైనా ఫొటోలతో వేధిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930, పిల్లల సాయానికి 1098. ఈ రెండు నంబర్లు మొదటి క్లాసులోనే రాయించండి.

8. వేరే బడి గదికి క్లాసు చెప్తుంటే

హైస్కూల్‌లో పెద్ద డిజిటల్ ప్యానెల్ ఉంటే బొమ్మ, గొంతు అటు చేరడం తేలికే. పిల్లల గొంతు టీచర్ దాకా రావడమే కష్టం. ప్యానెల్ మైకు ముందు వరుస దాకే అందుతుంది. బల్ల మీద పెట్టే స్పీకర్‌ఫోన్ ఒకటి కొనండి, లేదా ఒక ఫోన్‌ను మైకుగా గదిలో తిప్పండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఒకే గదిలో రెండు పరికరాలు క్లాసులో చేరితే ఒకదాని స్పీకర్ శబ్దం ఇంకోదాని మైకులో పడి కీచుమంటుంది. ఒక్కదానికే మైకు, స్పీకరు రెండూ ఉంచి, మిగతావాటికి రెండూ మూసేయాలి.

లెక్కలు చెప్పేవాళ్లు నల్లబోర్డుకు కెమెరా పెట్టకండి, వెలుగు పడి అక్షరాలు కనపడవు. ఫోన్‌ను స్టాండ్‌కు బిగించి కిందికి చూసేలా పెట్టి, దాని కింద తెల్లకాగితం మీద లావు స్కెచ్ పెన్నుతో రాయండి. త్రిభుజం గీసినా, సమీకరణం సాధించినా పిల్లలు చేతి కదలికతో సహా చూస్తారు. మౌస్‌తో రాసే రాతకన్నా ఎంతో నయం.

పిల్లలున్న గదిలో పెద్ద మనిషి ఒకరు తప్పకుండా ఉండాలి. సబ్జెక్టు తెలియకపోయినా సరే, "మూడో బెంచీ సిరికి అర్థం కాలేదు సార్" అని చెప్పేవాళ్లు కావాలి.

9. టైంటేబుల్

కేంద్ర విద్యాశాఖ 2020లో ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలు ఇప్పటికీ మంచి కొలతే. ప్రీ ప్రైమరీకి రోజుకు 30 నిమిషాలు మించొద్దు, ఒకటి నుంచి ఎనిమిది దాకా 30 నుంచి 45 నిమిషాల క్లాసులు రెండు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగు. ఫీజు కట్టారు కదా అని ఆరు పీరియడ్లు పెట్టే బడులు దయచేసి ఇది ఆలోచించాలి.

10. తరచూ జరిగే తప్పులు, సర్దుకునే తీరు

గొంతు తెగిపోతుంది. ముందు అందరి కెమెరాలు, తర్వాత టీచర్ కెమెరా ఆపండి. అయినా తెగితే స్లైడ్‌ను ఫొటోగా వాట్సాప్‌లో పంపి గొంతు మాత్రం నడపండి.

టీచర్ ఇంటి దగ్గరే నెట్ పోతుంది. గాలివానకు కరెంటు పోతే వైఫై కూడా పోతుంది. వేరే కంపెనీ సిమ్ ఉన్న రెండో ఫోన్ చార్జ్ చేసి పక్కన పెట్టుకోండి, కో హోస్ట్‌కు ముందే చెప్పండి.

యాప్ ఈ ఫోన్‌కు సరిపోదు అని వస్తుంది. బ్రౌజర్‌లో తెరిచి చూడండి. కుదరకపోతే పక్కింట్లో ఉండే అదే తరగతి పిల్లతో కలిపి కూర్చోబెట్టండి, ఇద్దరి ఇళ్లలో అడిగాకే.

నెలకో కొత్త యాప్. ఒక టీచర్ జూమ్, ఇంకొకరు మీట్, మూడో వాళ్లు ఇంకేదో. ఇంట్లో పెద్దవాళ్లకు టెన్షన్ తప్ప మిగిలేదేం లేదు. తరగతికి ఒకటే యాప్, ఏడాదంతా ఒకటే లింక్ వచ్చేలా చూడండి.

చేరలేని కుప్పను మర్చిపోవడం. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే తప్పు ఇదే. కీప్యాడ్ ఫోనున్న పిల్లలకు కాన్ఫరెన్స్ కాల్‌లో సాధారణంగా ఐదుగుర్ని కలపొచ్చు, ఇరవై నిమిషాలు చాలు. టీవీ ఉంటే టీ శాట్ విద్య చానెల్‌లో పాఠాల వేళలు రాసివ్వండి. పక్కింట్లో ఎప్పుడైనా స్మార్ట్ ఫోన్ దొరికితే పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్‌లున్న పాఠాలను దీక్షా యాప్‌తో చూపించొచ్చు. ఏదీ లేనివాళ్లకు వారానికోసారి వర్క్‌షీట్లు ఆ ఊరి నుంచి వచ్చే పిల్లతో పంపి, రాసినవి వెనక్కి తెప్పించుకుని దిద్దాలి. హాజరు పట్టీలో ఈ పిల్లలను ఆబ్సెంట్ అని వేయకండి, కాల్, టీవీ, వర్క్‌షీట్ అని వేరే గడి పెట్టండి. నెలాఖరుకు ఆ గడిలో ఎవరి పేరు పక్కన ఏమీ లేదో చూసి, వాళ్లింటికి ఒక టీచర్ వెళ్లి రావాలి.